ఎవరి నెత్తురు గోడకెక్కింది? ఫ్రెంచి చట్టసభ పదేళ్ల హింస, దాన్ని గీసిన చిత్రాలు

వెర్సాయ్ ప్యాలెస్‌లో ఒక కాన్వాస్ ఉంది. సుమారు 6.5 మీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్లకు పైగా ఎత్తు. దాని మీద కొందరు మగవాళ్లు ఒంటి మీద బట్టల్లేకుండా నిలబడి చేతులు చాస్తున్నారు. పిక్కల బిగువు, భుజాల తిప్పు, చాచిన వేళ్లు అన్నీ గీతల్లో తేలుతున్నాయి, రంగు మాత్రం పడలేదు. అంత గుంపులో నాలుగు తలలకే రంగు దక్కింది. ఆ నాలుగు ముఖాలు బతికున్న మనుషుల్లాగే చూస్తుంటాయి. మెడ దిగగానే మళ్లీ ఉత్త గీతలే.

జాక్ లూయీ దావీద్ మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన 'టెన్నిస్ కోర్టు ప్రమాణం' ఇది. మన హైస్కూలు సాంఘికశాస్త్రంలో ఫ్రెంచి విప్లవం పాఠం చదివిన వాళ్లందరికీ ఈ ఘట్టం తెలుసు. 1789 జూన్ 17న మూడో వర్గం ప్రతినిధులు తమను తాము జాతీయ సభగా ప్రకటించుకున్నారు. జూన్ 20 పొద్దున వచ్చి చూస్తే సమావేశ మందిరం మూసి ఉంది, గుమ్మంలో సైనికులు. బయట వాన. దగ్గర్లో ఉన్న టెన్నిస్ ఆటశాలలోకి వెళ్లి, దేశానికి రాజ్యాంగం ఏర్పడేదాకా విడిపోయేది లేదని ప్రమాణం చేశారు. అధ్యక్షుడు బైయీ. ఒక్క ప్రతినిధి మాత్రం, మార్టిన్ డోష్, తన సంతకం పక్కన 'వ్యతిరేకి' అని రాశాడు.

ఈ బొమ్మ ఎందుకు ఆగిపోయిందో తెలుసుకుంటే, చట్టసభల హింసను చూపించే చిత్రాలన్నిటినీ చదవడానికి తాళంచెవి దొరుకుతుంది.

బొమ్మకంటే వేగంగా మారిన రోజులు

1790లో విప్లవకారుల రాజకీయ సంఘం జాకోబిన్ క్లబ్ ఈ చిత్రాన్ని కోరింది. ఖర్చు ప్రజల నుంచే రావాలనుకున్నారు: 3,000 మంది, తలా 24 లివర్లు (ఆనాటి ఫ్రెంచి డబ్బు), మొత్తం 72,000 లివర్లు. చందా కట్టిన వాళ్లకు చిత్రం అచ్చు ప్రతి ఇస్తామన్నారు. డబ్బు అనుకున్నట్టు రాలేదు. 1791 సెప్టెంబరులో, సభ తన పదవీకాలం చివర్లో, ఖర్చు ప్రభుత్వ ఖజానా భరిస్తుందని తీర్మానించింది. అదే ఏడాది సెలూన్‌లో, అంటే ప్రభుత్వం నడిపే చిత్ర ప్రదర్శనలో, దావీద్ దీని పెన్ను డ్రాయింగును చూపించాడు. అది మీటరు వెడల్పు కూడా పెద్దగా దాటదు. కానీ పూర్తి ఆలోచన అందులో ఉంది.

ఆ డ్రాయింగును కాస్త దగ్గరగా చూడాలి. బైయీ బల్ల మీద నిలబడి మన వైపు తిరిగి ఉన్నాడు. నిజానికి అతను సభ్యుల వైపు తిరిగి ప్రమాణం చదివి ఉండాలి. దావీద్ అతన్ని ఇటు తిప్పేసరికి, సభ్యులు నిలబడాల్సిన చోట చూస్తున్న మనం నిలబడ్డాం. ముందు వరసలో ముగ్గురు కౌగిలించుకుంటున్నారు: మఠ సన్యాసి జెర్ల్, కాథలిక్ గురువు గ్రెగ్వార్, ప్రొటెస్టెంట్ పాస్టర్ రబో సాంతెతియెన్. మతాలు కలిశాయని చెప్పడానికి పెట్టిన ముగ్గురు. వీళ్లలో జెర్ల్ ఆ రోజు అక్కడ లేనేలేడు. పైన కిటికీల్లోంచి గాలి కొట్టి తెరలు ఎగిరిపడుతున్నాయి, ఒక గొడుగు వెనక్కి విచ్చుకుపోయింది, దూరంగా రాజుగారి ప్రార్థనా మందిరం మీద పిడుగు పడుతోంది. కుడివైపు మూలన డోష్ చేతులు ఛాతీకి కట్టుకుని కూర్చుని ఉన్నాడు. అందరి చేతులూ ముందుకు చాచి ఉంటే అతనివి మాత్రం లోపలికి ముడుచుకున్నాయి.

ఇంత మెరుపు, ఇంత గాలి ఉన్నా, డ్రాయింగులో నెత్తురు లేదు. బలప్రయోగం అంతా గోడ అవతల ఉంది. రాజు సైనికులు కనిపించరు.

కాన్వాస్ మీద పని 1791, 1792ల్లో నడిచింది. మొదట నగ్నంగా గీసి తర్వాత బట్టలు కట్టడం ఆనాటి చరిత్ర చిత్రకారుల పద్ధతి. లోపల ఎముక, కండ కుదరకపోతే పైన కోటు మడత కుదరదు. ముఖాలు విడిగా, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకునో మరో పోలికను చూసో వేస్తారు. చిక్కు సరిగ్గా ఈ ముఖాల దగ్గరే వచ్చింది. రంగు పడిన నాలుగు తలల్లో ఒకటి మిరాబో, ఒకటి బార్నావ్. మిరాబో 1791 ఏప్రిల్‌లో చనిపోయాడు, వీరుడిగా దేశ వీరుల సమాధి మందిరమైన పాంథియోన్‌లో పెట్టారు. 1792 నవంబరులో రాజభవనం గోడలో దాచిన ఇనుప బీరువా బయటపడింది. అందులోని కాగితాల్లో అతను రహస్యంగా రాజుకు సలహాలిచ్చి డబ్బు పుచ్చుకున్న సంగతి ఉంది. బార్నావ్ 1793 నవంబరు 29న గిలటిన్ ఎక్కాడు. మధ్యలో నిలబడిన బైయీ అంతకు పదిహేడు రోజుల ముందే, నవంబరు 12న. కౌగిలింతలోని రబో డిసెంబరు 5న. డ్రాయింగులో రెండు చేతులూ గుండె మీద పెట్టుకున్న రోబెస్పియర్ 1794 జులై 28న.

ఏ ముఖానికి రంగు వేసినా అది ఆరేలోపు ఆ మనిషి ద్రోహి అయ్యే కాలం అది. డబ్బు కొరత ఒక కారణం, దావీద్ స్వయంగా చట్టసభ సభ్యుడై తీరిక లేకపోవడం ఇంకొకటి. కానీ అసలు కారణం ఈ ముఖాలే. ఒక్క గుండెలా కనిపించాల్సిన సభ, బొమ్మ పూర్తయ్యేలోపు తన మనుషుల్ని తానే తినేసింది.

రెండు తేదీలు, మూడు ప్రశ్నలు

ఇలాంటి చిత్రం ఏదైనా సరే, పక్కన ఉన్న చిన్న పలక మీద రెండు తేదీలు వెతకాలి. ఘటన జరిగినది ఒకటి, బొమ్మ గీసినది ఒకటి. చాలామంది మొదటిది చూసి ఆగిపోతారు. రెండో తేదీ దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. ఎందుకంటే బొమ్మకు డబ్బిచ్చిన వాళ్లు ఆ రెండో తేదీన బతుకుతున్నారు, వాళ్ల భయాలూ అవసరాలూ ఆ రోజువి.

తర్వాత అడగాల్సినవి: ఖర్చు ఎవరిది? బొమ్మను ఏ గోడకు, ఎవరి కళ్ల ముందు వేలాడదీయాలనుకున్నారు? బొమ్మలో ఆయుధం ఎవరి చేతిలో ఉంది? ఈ మూడోది తేలిగ్గా కనిపిస్తుంది గానీ ఎక్కువమంది పొరబడేది అక్కడే. ఆయుధం కనిపించని బొమ్మల్లో కూడా హింస ఉంటుంది. అది ఎవరిదో దాచడానికే ఆయుధం తీసేసి ఉంటారు.

అధ్యక్షుడి కుర్చీకి అటూ ఇటూ రెండు శవాలు

1792 సెప్టెంబరులో దావీద్ పారిస్ నుంచి కొత్త చట్టసభ అయిన కన్వెన్షన్‌కు ఎన్నికయ్యాడు. రాజు మరణశిక్షకు ఓటేశాడు. పోలీసు వ్యవహారాలు చూసే సాధారణ భద్రతా కమిటీలో చేరి అరెస్టు వారంట్ల మీద సంతకాలు పెట్టాడు. 1794 జనవరిలో రెండు వారాలు సభాధ్యక్షుడుగా ఉన్నాడు. చిత్రకారుడు రాజకీయాల్లో వేలు పెట్టాడంటే సరిపోదు. చంపించే అధికారం ఉన్న సభలో అతను సభ్యుడు. ఇది మనసులో పెట్టుకుని 'మరా' చిత్రం చూడాలి.

దానికి ముందు ఇంకొకటి ఉంది. 1793 జనవరి 20 సాయంత్రం, రాజును చంపడానికి ఒక్క రోజు ముందు, మరణశిక్షకు ఓటేసిన సభ్యుడు లెపెల్తియే పలే-రవయాల్‌లో భోజనం చేస్తుండగా మాజీ రాజరక్షక భటుడొకడు కత్తితో పొడిచి చంపాడు. దావీద్ ఆ శవాన్ని గీసి మార్చి 29న సభకిచ్చాడు. శవం పైన ఒక కత్తి వేలాడుతుంటుంది, దాని మొనకు గుచ్చిన కాగితం మీద 'నిరంకుశుడి మరణానికి ఓటేస్తున్నాను' అన్న మాట. దావీద్ పోయిన తర్వాత లెపెల్తియే కూతురు ఆ చిత్రాన్ని కొనుక్కుంది. ఆమె రాజు పక్షం మనిషి. ఆ తర్వాత ఆ చిత్రం మళ్లీ ఎవరి కంటా పడలేదు. ఒక డ్రాయింగు, చిరిగిన ఒక అచ్చు ప్రతి వల్లే అది ఎలా ఉండేదో తెలుస్తోంది.

జులై 13న మరా హత్య జరిగింది. మరా కూడా కన్వెన్షన్ సభ్యుడే, 'ప్రజా మిత్రుడు' పత్రిక నడిపినవాడు, తలలు తీయాలని పేజీల మీద పేజీలు రాసినవాడు. చర్మవ్యాధి బాధకు స్నానపు తొట్టిలో కూర్చుని పని చేసేవాడు. కాన్ నగరం నుంచి వచ్చిన షార్లొట్ కోర్దే కుట్రదారుల పేర్లు చెబుతానని లోపలికి వెళ్లి వంటింటి కత్తితో పొడిచింది. నాలుగు రోజులకు ఆమెను గిలటిన్ చేశారు. హత్య మర్నాడే సభలో ఒక ప్రతినిధి బృందం నాయకుడు దావీద్‌ను ఉద్దేశించి, నీకు ఇంకొక చిత్రం మిగిలి ఉందని అన్నాడు.

ఇప్పుడా బొమ్మ బ్రస్సెల్స్‌లో ఉంది. 165 సెంటీమీటర్ల ఎత్తు, 128 వెడల్పు, అంటే మనిషి దాదాపు నిజ ప్రమాణంలో ఉంటాడు. పై సగం మొత్తం ఖాళీ: గోధుమ, ఆకుపచ్చ కలిసిన మసక గోడ మీద చిన్న చిన్న కుంచె దెబ్బలు. నిజమైన గదిలో గోడకు రంగు కాగితం ఉండేది, దాన్ని తుడిచేశాడు. మరా చర్మం మీద పుండు ఒక్కటీ లేదు, పాలరాయిలా నున్నగా ఉంది. కుడి కాలరు ఎముక కింద చిన్న గాయం, దాని నుంచి సన్నగా జారిన నెత్తురు. తొట్టి మీద పరిచిన దుప్పటి అంచు ఎర్రబడింది. నేల మీద కత్తి. కోర్దే ఎక్కడా లేదు, ఆమె పేరు మాత్రం ఉంది, మరా ఎడమచేతిలోని ఉత్తరంలో. తారీఖు, పేరు చదవగలిగేంత స్పష్టంగా: నేను చాలా దురదృష్టవంతురాలిని కావడమే మీ దయకు అర్హత అన్న అర్థంలో. చెక్క పెట్టె మీద ఒక నోటు, దానికి తోడు చీటీ: దేశరక్షణలో భర్త చనిపోయిన ఐదుగురు బిడ్డల తల్లికి ఈ నోటు ఇవ్వండని. అంటే అబద్ధం చెప్పి దయ కోరిన చేతిని ఒకవైపు, నిజంగా దయ చూపబోతున్న చేతిని ఇంకోవైపు పెట్టాడు. సభ్యుడు హత్యకు గురైన గది, బొమ్మలో అమరుడి సమాధి అయింది. తలలు తీయమని రాసిన కలం అదే చేతిలో ఉంది, కానీ ఇప్పుడు అది వితంతువుకు సాయం రాస్తోంది.

పెట్టె మీద 'మరాకు, దావీద్' అని పెద్దక్షరాల్లో ఉంటుంది, కింద 'రెండో ఏడు' అని. శ్రద్ధగా చూస్తే పెట్టె కింది మూలల్లో ఒకవైపు 17, ఇంకోవైపు 93 అంకెలు చెరిపేసిన జాడ కనిపిస్తుంది. 1793 అక్టోబరులో కన్వెన్షన్ క్రీస్తు శకాన్ని తీసేసి రిపబ్లిక్ పుట్టినప్పటి నుంచి లెక్కపెట్టే కొత్త క్యాలెండరు తెచ్చింది. చిత్రకారుడు బొమ్మలో కూడా సంవత్సరాన్ని దిద్దాడు. అధికారం కాలాన్నే మార్చిన సంగతి ఆ చెరిపివేతలో మిగిలిపోయింది.

అక్టోబరు 16న ఈ చిత్రాన్ని, లెపెల్తియే చిత్రంతో పాటు, లూవ్ర్ ప్రాంగణంలో జనానికి చూపించారు. అదే రోజు రాణి మరీ ఆంత్వానెత్‌ను గిలటిన్‌కు తీసుకెళ్లారు. బండిలో వెళ్తున్న ఆమెను దావీద్ నాలుగు గీతల్లో గీసుకున్నాడు. నవంబరులో రెండు చిత్రాలూ సభలో అధ్యక్షుడి స్థానం వెనక అటూ ఇటూ ఎక్కాయి. ఇక సభ్యుడు మాట్లాడటానికి లేచిన ప్రతిసారీ ఎదురుగా ఇద్దరు హతులు. రోజూ ఆ రెండు శవాల ముందు కూర్చుని దయ గురించి మాట్లాడటం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. బొమ్మ అక్కడ అలంకారంగా లేదు, చర్చలో భాగంగా ఉంది.

ఒక సంగతి మరచిపోకూడదు. ఆ చిత్రాలు ఎక్కడానికి అయిదు నెలల ముందు, 1793 జూన్ 2న, సాయుధ జాతీయ రక్షక దళం ఫిరంగులతో సభను చుట్టుముట్టింది. బయటికి వెళ్లబోయిన సభ్యులను లోపలికి తరిమింది. ఒత్తిడికి తలొగ్గిన సభ తన సొంత సభ్యులు 29 మందిని నిర్బంధించమని ఓటేసింది. అక్టోబరు 31న సభలో జాకోబిన్ల ప్రత్యర్థి వర్గమైన జిరాండిన్ల నాయకులు 21 మందిని గిలటిన్ చేశారు. దావీద్ దీన్ని గీయలేదు. బయటివాడు చంపిన సభ్యుడు గోడకెక్కాడు, సభే అప్పగించిన సభ్యులు ఎక్కలేదు.

రోబెస్పియర్ పడిపోయాక గాలి మళ్లింది. 1795 ఫిబ్రవరిలో, ఎవరికైనా పాంథియోన్ గౌరవం ఇవ్వాలంటే చనిపోయి పదేళ్లు కావాలని సభ తీర్మానించింది. మరా అస్థికలు పాంథియోన్ నుంచి బయటికి వచ్చాయి, చిత్రాలు గోడ నుంచి దిగాయి. దావీద్ తర్వాత రాజహంతకుడన్న ముద్రతో దేశం వదిలి బ్రస్సెల్స్‌లో చనిపోయాడు. మరా చిత్రం ఆ ఊరికి చేరడం అందుకే.

ఇదే స్నానపు తొట్టిని 1860లో పోల్ బోద్రీ మళ్లీ గీశాడు. ఆ చిత్రం నాంత్‌లో ఉంది. ఈసారి గది నిండా వస్తువులు, పడిపోయిన కుర్చీ, గోడ మీద ఫ్రాన్స్ పటం, దాని ముందు నిటారుగా కోర్దే. మరా ముఖం పక్కకు వాలిపోయింది. అప్పుడు ఫ్రాన్స్‌లో చక్రవర్తి పాలన. విప్లవకారుణ్ని చంపిన స్త్రీ దేశం తరఫున నిలబడినట్టు కనిపించడం ఆ రోజుల్లో ఎవరికీ తప్పనిపించలేదు. ఘటన తేదీ ఒకటే, రెండో తేదీ మారింది, చిత్రంలో హతుడూ హంతకురాలూ చోట్లు మార్చుకున్నారు.

రెండు ఔన్సుల రొట్టె, ఈటె మీద తల

1794 డిసెంబరులో సరుకుల గరిష్ఠ ధర చట్టం ఎత్తేశారు. ఆ చలికాలం ఘోరమైనది. కాగితపు డబ్బు విలువ పడిపోయింది. 1795 మే నాటికి పారిస్‌లో మనిషికి రోజువారీ రొట్టె రేషను రెండు ఔన్సులకు, అంటే 60 గ్రాములకు కాస్త అటూ ఇటూగా దిగజారింది. మే 20న, వాళ్ల క్యాలెండరులో మూడో ఏడు ప్రెరియాల్ 1న, పేటల నుంచి జనం కన్వెన్షన్ మీదికి వచ్చారు. ముందు వరసల్లో ఆడవాళ్లు. టోపీల మీద 'రొట్టె, 1793 రాజ్యాంగం' అని రాసుకున్నారు. ఆ రాజ్యాంగాన్ని సభే ఆమోదించి, ఎన్నడూ అమలు చేయకుండా పక్కన పెట్టింది.

అడ్డుపడిన సభ్యుడు ఫెరోను చంపారు. తల నరికి ఈటెకు గుచ్చి మందిరంలోకి తెచ్చి, అధ్యక్ష స్థానంలో ఉన్న బ్వాసీ దాంగ్లా ముఖం ముందు పెట్టారు. అతను లేచి ఆ తలకు వంగి నమస్కరించాడు. చరిత్రలోకి వెళ్లింది ఆ వంగడమే. వెళ్లనిది ఇంకొకటి ఉంది: ఈ బ్వాసీ పారిస్ ఆహార సరఫరా బాధ్యతలు చూసినవాడు, జనం అతన్ని 'కరువు బ్వాసీ' అని పిలిచేవాళ్లు.

రాత్రికి సైనికులు మందిరాన్ని ఖాళీ చేయించారు. తర్వాతి రోజుల్లో సాంతాంత్వాన్ పేటను సైన్యం చుట్టుముట్టి ఆయుధాలు లాక్కుంది. సైనిక కమిషన్ 36 మందికి మరణశిక్ష వేసింది. ఆ వారంలోనే సభ ఒక తీర్మానం చేసింది: ఆడవాళ్లు ఇళ్లకు వెళ్లాలి, అయిదుగురికి మించి వీధిలో గుమిగూడితే బలవంతంగా చెదరగొట్టి అరెస్టు చేస్తారు. రొట్టె అడగడానికి ముందు వరసలో నడిచిన వాళ్లకు దొరికిన జవాబు ఇది.

ఇక రెండో తేదీ దగ్గరికి రావాలి: 1830. జులైలో పారిస్ వీధుల్లో మూడు రోజుల తిరుగుబాటు, పదో చార్లెస్ పారిపోవడం, లూయీ ఫిలిప్ రాజవడం అన్నీ జరిగిపోయాయి. కొత్త ప్రభుత్వం జనం లేపిన గద్దె మీదే కూర్చుంది. అందుకే జనం మళ్లీ లేస్తారేమోనన్న భయం దానికి ఎక్కువ. ఆ సెప్టెంబరులో హోంమంత్రి గిజో, దిగువ సభ మందిరానికి మూడు పెద్ద చిత్రాల కోసం పోటీ ప్రకటించాడు. మధ్యలో లూయీ ఫిలిప్ ప్రమాణ స్వీకారం. ఒకవైపు 1789 జూన్ 23న రాజు దూతను ఎదిరించిన మిరాబో. ఇంకోవైపు తల ముందు వంగిన బ్వాసీ.

ఈ అమరికే అసలు ప్రసంగం. ఒకవైపు రాజుకు లొంగని సభ్యుడు, ఇంకోవైపు గుంపుకు లొంగని సభ్యుడు, నడుమ ఆ రెండింటికీ పరిష్కారంగా కొత్త రాజు. పోటీ నడుస్తున్న ఆ డిసెంబరులోనే పాత రాజు మంత్రుల మీద విచారణ జరిగింది. వాళ్లకు మరణశిక్ష వేయాలని జనం వీధుల్లో అరుస్తున్నారు. బ్వాసీ విషయం ఇచ్చినవాళ్లకు 1795 కంటే ఆ నెల వీధులే ఎక్కువ కళ్ల ముందు ఉన్నాయని నా నమ్మకం.

చిత్రకారుడు దెలాక్రువా ఈ పోటీకి పంపిన స్కెచ్ ఇప్పుడు బోర్దోలో ఉంది, సుమారు మీటరు వెడల్పు. అది చూస్తే అతను ఎందుకు ఓడిపోయాడో అర్థమవుతుంది. అధ్యక్షుణ్ని మధ్యలో పెద్దగా, తేటగా నిలబెట్టి పక్కన గుంపును తగ్గించి చూపించడం పోటీ కోరిన పని. దెలాక్రువా మందిరాన్ని చీకటి గుహలా లేపి, దాని అడుగున జనాన్ని వరదలా పోశాడు. బ్వాసీ ఎత్తున ఉన్నా చిన్నగా ఉన్నాడు. చూసేవాడి కన్ను మొదట దుమ్ము, వెలుతురు, కదిలే చేతులు, ఈటెల మీదికి పోతుంది. ఎవరు చంపారో, ఎవరు ఆకలితో వచ్చారో, ఎవరు చూడటానికి వచ్చారో విడదీయలేం. వీరుడి కథ అడిగితే అతను గుంపు లోపలి వేడిని ఇచ్చాడు. నా దృష్టిలో చట్టసభలో హింస ఎలా ఉంటుందో చెప్పిన అత్యుత్తమ చిత్రం ఇదే, ఎందుకంటే ఆ గదిలో ఉన్నవాడికి కూడా ఏం జరుగుతోందో పూర్తిగా కనిపించదు. ఎంపిక సంఘం మరో చిత్రకారుడు విన్షోన్‌ను గెలిపించింది. దెలాక్రువా 1831 మార్చిలో ఇలాంటి పోటీలనే తప్పుపడుతూ ఒక పత్రికకు బహిరంగ లేఖ రాశాడు.

ఒక చిన్న పక్కదారి. మనం 'వామపక్షం' అంటున్నామే, ఆ మాట పుట్టింది ఈ సభల్లోనే. 1789లో రాజుకు వీటో ఉండాలన్నవాళ్లు అధ్యక్షుడి కుడివైపు, వద్దన్నవాళ్లు ఎడమవైపు చేరారు. తర్వాత కన్వెన్షన్‌లో ఎడమవైపు పై బెంచీల్లో కూర్చున్నవాళ్లకు 'కొండ' అని పేరొచ్చింది.

ఆ కొండవాళ్లలో మిగిలిన ఆరుగురు ప్రెరియాల్ 1 రాత్రి జనం కోరిన తీర్మానాలకు గొంతు కలిపారు. అదే నేరం. 1795 జూన్ 17న సైనిక కమిషన్ మరణశిక్ష చదివాక, మెట్లు దిగుతూ దాచుకున్న కత్తితో పొడుచుకుని, పక్కవాడి చేతికి అందించారు. రోమ్, గుజోన్, దుకేనోయ్ అక్కడే చనిపోయారు. మిగతా ముగ్గురిని నెత్తురు కారుతుండగానే గిలటిన్‌కు తీసుకెళ్లారు. వీళ్ల బొమ్మ ఏ రాజూ అడగలేదు. 1882లో, మూడో రిపబ్లిక్ స్థిరపడ్డాక, షార్ల్ రొనో గీశాడు. అది ఇప్పుడు విజీల్‌లోని విప్లవ మ్యూజియంలో ఉంది. ప్రెరియాల్ హింసలో ఫెరో తల చిత్రంగా మారడానికి 36 ఏళ్లు పడితే, సభ వేసిన శిక్ష చిత్రంగా మారడానికి 87 ఏళ్లు పట్టింది.

కిటికీల్లోంచి దూకిన సభ

1799 నవంబరు 10న అప్పటికి కన్వెన్షన్ స్థానంలో ఉన్న శాసనసభలు రెండింటినీ పారిస్ బయట సాంక్లూ ప్యాలెస్‌కు తరలించారు. జాకోబిన్ కుట్ర ఉందని సాకు. వాటిలో ఒకటైన అయిదు వందల మంది సభ అక్కడి ఆరెంజరీ హాలులో కూర్చుంది. సేనాని నెపోలియన్ బోనపార్ట్ కొద్దిమంది గ్రెనడియర్లతో, అంటే ఎంపిక చేసిన సైనికులతో, లోపలికి నడిచాడు. సభ్యులు మీదికి వచ్చి కాలరు పట్టుకున్నారు, 'చట్టం బయటికి' అని అరిచారు. ఆ కేకకు అర్థం సామాన్యమైనది కాదు. సభ ఎవరినైనా చట్టం బయటి వాడని ప్రకటిస్తే విచారణ అక్కర్లేదు, మనిషిని గుర్తుపడితే చాలు, చంపేయొచ్చు. రోబెస్పియర్ చచ్చింది అలాగే. బోనపార్ట్ పాలిపోయి బయటికి వచ్చాడు.

అప్పుడు సభాధ్యక్షుడిగా ఉన్నది అతని తమ్ముడు లూసియాఁ. అతను బయటికి వచ్చి, బాకులు పట్టుకున్న కొందరు సభను బెదిరిస్తున్నారని సైనికులకు చెప్పాడు. డప్పులు మోగాయి, సేనాని మురా నాయకత్వంలో గ్రెనడియర్లు బయొనెట్లతో లోపలికి వెళ్లారు. సభ్యులు కిటికీల్లోంచి తోటలోకి దూకారు. ఆ రాత్రి దొరికినంతమందిని కూర్చోబెట్టి కాన్సుల్స్ అనే ముగ్గురు పాలకుల ప్రభుత్వానికి ఓటు వేయించారు. బాకు నుంచి బోనపార్ట్‌ను కాపాడాడని తోమే అనే సైనికుడికి పింఛను ఇచ్చారు.

పదకొండు రోజులకే, నవంబరు 21న, లండన్‌లో జేమ్స్ గిల్‌రే అచ్చు వ్యంగ్యచిత్రం వచ్చింది. అందులో బయొనెట్లు సభ్యుల మీదికి వస్తున్నాయి, సభ్యులు పారిపోతున్నారు. అప్పుడు బ్రిటన్ ఫ్రాన్స్‌తో యుద్ధంలో ఉంది కాబట్టి రిపబ్లిక్ నాటకం ముగిసిందని ఎగతాళి చేయడం దాని పని. అయినా దిశ సరైనది: ఆయుధం సైనికుడి చేతిలో, గురి సభ్యుడి మీద.

ఫ్రాంస్వా బుషో చిత్రం 1840ది, ఎత్తూ వెడల్పూ దాదాపు నాలుగేసి మీటర్లు, వెర్సాయ్‌లో ఉంది. నెపోలియన్ అవశేషాలను సెంట్ హెలీనా నుంచి పారిస్ తెచ్చిన సంవత్సరమది. లూయీ ఫిలిప్ వెర్సాయ్‌ను దేశకీర్తి మ్యూజియంగా మార్చి మూడేళ్లయింది. బుషో ఎంచుకున్న క్షణం చూడండి: సైనికులు సభను తరిమిన క్షణం వదిలేసి, ఎర్ర అంగీల సభ్యులు బోనపార్ట్‌ను చుట్టుముట్టిన క్షణం గీశాడు. నడుమ ముదురు రంగు యూనిఫాంలో ఒంటరి మనిషి, చుట్టూ ఎర్రగా ఎగిసిన చేతులు. అయిదు నిమిషాల తర్వాతి ఘట్టం గీస్తే దాడి చేసింది సైన్యం. అయిదు నిమిషాల ముందుది గీస్తే దాడి చేసింది సభ. ఒక్క అబద్ధం ఆడకుండా, క్షణాన్ని ఎంచుకోవడంతోనే నేరం చేతులు మారింది.

గిజో కోరిన మూడు చిత్రాల్లో బ్వాసీ చివరికి దిగువ సభలో నిలవలేదు. విన్షోన్ పెద్ద చిత్రం దక్షిణాన బ్వాసీ సొంత ప్రాంతమైన ఆర్దేష్‌కు, అనొనే పట్టణానికి చేరింది. మిరాబో మాత్రం తిరిగొచ్చాడు. శిల్పి జూల్ దాలూ 1883 సెలూన్‌లో చూపించిన ఫలకం కంచులో పోతపోసి, పారిస్‌లో చట్టసభ కూర్చునే బుర్బోన్ ప్యాలెస్‌లోనే పెట్టారు. రాజు దూత ఎదుట మిరాబో నిలబడి, ప్రజల ఇష్టంతో ఇక్కడున్నాం, బయొనెట్ల బలంతో తప్ప కదలం అంటున్న ఘట్టం అది. పదేళ్లకు సాంక్లూలో సభ కదిలింది బయొనెట్ల బలంతోనే. ఆ రోజును గీసిన బుషో కాన్వాస్ మాత్రం ఇరవై కిలోమీటర్ల దూరంలో, వెర్సాయ్‌లో ఉంది.